చెవుడొచ్చిన స్వరకర్త, మా శుక్రవారపు పాట

పోయిన వారం దోహాలో, వెస్ట్ బేలోని ఒక హోటల్లో మా కంపెనీవాళ్ళు నా రిటైర్మెంట్‌కని భోజనం పెట్టారు. అక్కడ లాబీలో మనిషి లేకుండా తనంతట తానే మోగే పియానో ఒకటి ఉంది. మీటలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. నాకు మాత్రం మంద్రస్వరాలు నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు కొద్దికొద్దిగా అందాయి, పైస్వరాలు అసలే లేవు. అయినా మీటల నడకను బట్టి అది ఎవరి సంగీతమో పోల్చుకున్నాను. చెవుడొచ్చిన ఆ జర్మన్ ఆయనది. హార్మోనియం ముందు కూర్చుని పెరిగినవాళ్ళకు ఆయన పేరు చెప్పనక్కర్లేదు.

ఆయన జీవితాన్ని నాకు కథగా చెప్పింది మా పెదనాన్న. గోదావరి పాయ పక్కన మా ఊరి చర్చిలో హార్మోనియం ఆయనదే. చిరిగిన తిత్తికి గుడ్డ అంటిస్తూ చెప్పేవాడు: దర్బారులో పాడే తండ్రి తాగొచ్చి ఏడుస్తున్న పిల్లవాణ్ణి వాద్యం ముందు కూర్చోబెట్టడం, మీసాలు రాకముందే ఇంటి బరువు ఆ పిల్లవాడి మీద పడటం, ఊరు వదిలి వియన్నా చేరి పెద్ద పేరు తెచ్చుకోవడం, ముప్ఫై నిండకుండానే చెవుల్లో హోరు మొదలైతే అది బయటపడుతుందని మనుషులకే దూరంగా తిరగడం. ఆ నిశ్శబ్దంలోనే ఆయన తన గొప్ప సంగీతం రాశాడట. ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడేది కాదు. చివరి పెద్ద కచేరీలో ఆయన వేదిక మీద నిలబడి తాళం చూపిస్తుంటే, వాయించేవాళ్ళకు ముందే చెప్పి ఉంచారట, ఆయన వైపు చూడొద్దని, పక్కనున్న మరొకరిని చూడమని. పాట ముగిసినా ఆయనకు తెలియకపోతే, పాడే ఆవిడ ఒకరు చొక్కా చెయ్యి పట్టుకుని జనం వైపు తిప్పిందట. పెద్దాయన్ని అలా మోసం చేస్తారా అని నేను గింజుకుంటే, "మోసం కాదురా, అది గౌరవం" అన్నాడు పెదనాన్న.

దోహా వచ్చాక అల్ మన్సూరాలో కాపురం, వెస్ట్ బేలో ఆఫీసు, శుక్రవారం ఆరాధనలో కీబోర్డు నాది. ఇక్కడ ఆదివారం డ్యూటీ కాబట్టి మన ఆదివారం శుక్రవారమే వస్తుంది. ఒకే హాల్లో ఒక భాషవాళ్ళు లేచాక మరో భాషవాళ్ళు కూర్చుంటారు. కీబోర్డు కూడా అందరిదీ ఒకటే. మాకు ముందు వాయించేవాళ్ళు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి శ్రుతి పెంచుకుంటారు, దాన్ని మళ్ళీ సున్నాకు తేవడమే మా మొదటి పని. కీబోర్డు మీద కనిపించే ఆ అంకెను నేను చూసేవాణ్ణి కాదు. ఒక మీట నొక్కితే చెవే చెప్పేది. ఆ చెవి తగ్గుతోందని తెలిశాక కూడా చూడలేదు. చూస్తే నా చెవి సంగతి నలుగురికీ తెలిసిపోతుంది కదా. డాక్టరు దగ్గరకు వెళ్ళమని మా ఆవిడ పోరుతుంటే ఏసీ హోరు అని తప్పించుకునేవాణ్ణి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి లేబర్ క్యాంపులో ఉంటూ మాకు డోలక్ వాయించే తమ్ముడు, "అన్నా, నీ పెట్టెకన్న మా క్యాంపు జనరేటర్ నయం, ఒక్కతీర్గ మొత్తుకుంటది" అని ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

మా మరదలు అప్పట్లో ఇక్కడే నర్సు. మా బృందంలో మొదటి గొంతు ఆమెదే. కాంట్రాక్టు ముగిసి ఇంటికి వెళ్ళిపోయే ముందు క్రిస్మస్ ఆరాధనలో ఆమె పాటే ముఖ్యం. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర లేకుండానే వచ్చింది. ఆరోజు అంకె మూడు మీద ఉండిపోయింది. నేను ఎత్తుకున్నాను. అందనంత పై శ్రుతిలో ఆమె రెండు చరణాలు లాక్కొచ్చి, మూడోదానిలో గొంతు పగిలి ఆగిపోయింది. వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుని కీబోర్డు వైపు తిప్పబోయింది. నేను ఆ చెయ్యి విదిలించుకున్నాను. ప్రాక్టీసుకు రాకుండా పాడితే ఇలాగే ఉంటుందని మైకు ముందే అన్నాను. ఆమె తలవంచుకుని తన చోటికి వెళ్ళి నిలబడింది.

అందరూ వెళ్ళాక డోలక్ తమ్ముడు అంకె చూపించాడు. "ఏమనుకోకన్నా. శాన దినాల సంది నిన్ను ఎవ్వలు సూస్తలేరు. అక్క పక్కకు దించి తాళమేసే చెయ్యినే సూస్కుంట పాడ్తున్నం. నీకు చెప్పొద్దని అక్కనే అన్నది."

మరదల్ని సాగనంపడానికి వెళ్ళినప్పుడు ఆ మాట ఎత్తలేకపోయాను. సూట్‌కేసు బరువు గురించి మాట్లాడి వచ్చేశాను. చాలా రోజులకు వీడియో కాల్‌లో క్షమించమన్నాను. ఆమె పెదవులు కదిలాయి గానీ ఏమందో అందలేదు. మా ఆవిడ నా చెవి దగ్గర గట్టిగా చెప్పింది: "'మొదట్లోనే చెప్పాల్సింది బావగారూ, దాచి నేనే తప్పు చేశాను' అంటోంది." అలా అనొద్దని నేనూ ఏదో అన్నాను, అప్పటికే తెర ఆగిపోయింది.

ఇప్పుడు చెవి మిషను ఉంది. మాటల్ని కొంత అందిస్తుంది, పాటను మాత్రం పిండి చేస్తుంది. ఆమె వాళ్ళ ఊరి చర్చిలో ఆ క్రిస్మస్ పాట పాడిన వీడియో మా ఆవిడ చూపించింది. గొంతు ఎలా ఉందో నాకు ఎన్నటికీ తెలియదు. పక్కకు దించిన చెయ్యి మాత్రం అలాగే మెల్లగా తాళం వేస్తోంది. దాన్ని చూస్తూ బల్ల మీద వేళ్ళు ఆడించాను. మా హాల్లో ఇప్పుడు కొత్త కుర్రాళ్ళు వాయిస్తున్నారు, పాట మాటలు గోడ మీది తెరపై పడతాయి, అందరూ తలలెత్తి అటే చూస్తూ పాడతారు. వెనక వరుసలో నేను కూడా నోరు కదుపుతూ, ముందువైపు తాళం వేసే ఒక చెయ్యి కోసం వెతుకుతాను.