అత్త కుండలో నా పిడికెడు

అత్త పోయిందన్న కబురు పొద్దటి పాసింజరు బండిలో తాండూరు నుంచి వికారాబాదుకు వచ్చింది. తెచ్చినాయన మా పాత పేట మనిషే. వాకిట్లో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, "మీ అత్త తెల్లారకముందే పోయింది బిడ్డా. పండుకున్నది పండుకున్నట్టే" అన్నాడు. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. ఆ మాట విన్నాక కూడా ఇంకో రెండు రాళ్లు ఏరాను. ఎందుకు ఏరానో తెలియదు.

ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు. మా నాన్నకు అక్క. మా అమ్మ పోయాక, పోలీసు యాక్షన్ జరిగిన ఏడు, నన్ను తాండూరుకు తెచ్చుకుని తన కొడుకుతో పాటు పెంచింది. పగలంతా బండల గనిలో కూలి. అక్షరం ముక్క రాదు. బైబిలు వాక్యాలన్నీ చర్చిలో చెవితో పట్టుకున్నవే. ఎవరైనా భక్తురాలు అంటే నవ్వేది. "గనికి పోయేటిదాన్ని, భక్తి చేసేంత తీరిక నాకేడిది?" అనేది.

ఆ తీరిక లేని మనిషి ఏం చేసేదో చెబుతాను. పొద్దున్నే ఇసుర్రాయి ముందు కూర్చుని, రొట్టెలకు కొలిచిన జొన్నల్లోంచి మూడు పిడికెళ్లు తీసి, పక్కనున్న చిన్న కుండలో వేసేది. ఒక్కో పిడికెడుకు ఒక్కో పేరు. పేరు పైకి చెప్పి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, అప్పుడు వదిలేది. మొదటిది కొడుకుకు, రెండోది నాకు. మూడోది ఆ రోజు ఎవరు గుర్తొస్తే వాళ్లకు. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. ఆ వారం పొయ్యి వెలగని ఇల్లు ఏదుంటే జొన్నలు అక్కడికి చేరేవి. మా పేటలో చాలామంది ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు తీసేవాళ్లే. పేరు పెట్టి తీసింది మాత్రం అత్త ఒక్కతే.

ఆ మూడో పేరు దగ్గర నాకూ ఆమెకూ తగువు. గనిలో మేస్త్రీ నోటి దురుసు మనిషి. అతను తిట్టిన మర్నాడు మూడో పిడికెడు అతనిదే, అదీ నిండుగా.

"నాకు గింతేనా, వానికి గంతనా?" అని అలిగాను.

"నీకేం ఫికరు బిడ్డా. నిన్ను తల్సుకునుడు నాకు అల్కగ వస్తది. వాన్ని తల్సుకోవాల్నంటే చేతిల జర బరువుండాలె" అంది.

ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి ఆ పని నాకు అప్పజెప్పింది. బడికి ఆలస్యమవుతోందని నేను ఒక్క దోసెడు తీసి, మూడు పేర్లూ గబగబా చెప్పేసి కుండలో పోశాను. మంచం మీంచే చూసింది. "తియ్యి బిడ్డా, మల్ల వెయ్యి. ముగ్గుర్ని ఒక్క సంచిల కుక్కుతరా? ఒక్కొక్కల మొఖం చూడాలె గద" అంది. తీసి మళ్లీ వేశాను. ఆ రోజు బడిలో దెబ్బలు తిన్నాను.

శుక్రవారాలు ఆమెకు ఉపవాసం. అలా అని ఎవరికీ చెప్పేది కాదు. గనిలో అందరితో పాటు కూర్చుని సద్ది విప్పి, రొట్టె పక్కావిడకు పెట్టి, కబుర్లు చెబుతూ తాను నీళ్లు తాగేదట. అదీ నా పెళ్లయ్యాకే నాకు తెలిసింది.

పెళ్లయి వికారాబాదు వచ్చాను. రెండేళ్లకు కొడుకు పుట్టాడు. ఏడు నెలలకే జ్వరంతో పోయాడు. అత్త వచ్చి నెల రోజులు నా దగ్గరే ఉంది. ఒక పొద్దున మా వంటింట్లో చాట ముందు కూర్చుని నా పేరు చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"నా పేరు చెప్పకు అత్తా. ఇన్నేండ్లు చెప్పినవు, ఏమొచ్చింది? ఇంగ ఎన్నడు చెప్పకు."

అత్త పిడికిలి అలాగే పట్టుకుని నావైపు చూసింది. వాదించలేదు. వాక్యం చెప్పలేదు. "సరే బిడ్డా, ఇంగ చెప్ప" అంది. నేను లేచి బయటికి పోయాను.

ఆరేళ్లు ఆ మాట నిలబెట్టుకుంది. వచ్చినప్పుడల్లా కందిపప్పు మూట తెచ్చేది, నా జుట్టు చిక్కు తీసేది, మా వీధిలో వాళ్లందరి మంచీ చెడూ అడిగేది. ఇదివరకైతే పోయేముందు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఇప్పుడు ఆ చెయ్యి నా కొంగు సర్ది ఊరుకునేది. రెండేళ్లు గడిచేసరికి నా కోపం చల్లారింది. ఆ చెయ్యి కావాలని ప్రాణం కొట్టుకునేది. స్టేషనులో బండి కదిలేదాకా నిలబడి, నా పేరు మళ్లీ చెప్పమని అడుగుదామనుకునేదాన్ని. నోరు రాలేదు. పంతం కాదు, సిగ్గు. నేనే తీసేయించిన పేరును మళ్లీ పెట్టమని ఏ మొహంతో అడగను? వచ్చే క్రిస్మస్‌కు అడుగుతాననుకున్నాను. అలా నాలుగు క్రిస్మస్‌లు పోయాయి.

తాండూరులో సమాధి చేసి వచ్చాక అందరూ అత్త వాకిట్లో కూర్చున్నారు. నేను ఇసుర్రాయి దగ్గరికి పోయాను. చిన్న కుండ అక్కడే ఉంది, సగం నిండి. అత్త కోడలు, నాకు అక్క వరస, వెనకే వచ్చింది.

"చెల్లె, ఒక్క మాట అడుగుత. అత్తమ్మ దినాం మూడు పిడికెళ్లు ఏస్తుండె. మొదటిది మీ బావ పేరు మీద. ఆఖరిది ఎవరిదో ఒకరిది. నడుమలదానికి మాత్రం పేరు చెప్పకపోతుండె. కండ్లు మూసుకొని శానసేపు పట్టుకొని కూసుంటుండె. గదెవరిది అత్తమ్మా అని ఒకనాడు అడిగిన."

"ఏమన్నది?"

"'పేరు చెప్పొద్దన్నది నా బిడ్డ. పిడికెడు ఎయ్యొద్దనలే గద' అన్నది. ఎవరో నీకెరుకనా?"

"ఎరుకే అక్కా" అన్నాను. కుండలో చెయ్యి పెట్టి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నాలుగేళ్లుగా నేను అడగలేక కుమిలిపోయింది ఆ ఆరేళ్లూ ప్రతి పొద్దునా నాకు అందుతూనే ఉంది.

వికారాబాదు వచ్చాక ఖాళీ ఊరగాయ జాడీ ఒకటి కడిగి ఎండబెట్టాను. మర్నాడు పొద్దున బియ్యం కొలిచి, మొదటి పిడికెడు మా ఆయన పేరు చెప్పి వేశాను. రెండోది అక్క పేరు చెప్పి వేశాను. మూడోది తీసి పట్టుకున్నాను. పోయినవాళ్ల కోసం మా చర్చి సంఘంలో ప్రార్థన చేయరు. వాళ్లకు ఇక మన గింజలతో పని లేదని అత్తే చెప్పేది. అది నాకు తెలుసు. అయినా పిడికిలి విప్పబుద్ధి కాలేదు. పొయ్యి మీద ఎసరు మరిగి మూత కొట్టుకుంటోంది. కళ్లు మూసుకుని అలాగే చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత పేరు చెప్పకుండానే జాడీలో వదిలాను.