గంజి పెట్టిన జనపనార కుర్చీ

మా ముత్తాతగారు పన్నెండు గ్రామాలకు జమీందారు. తాతగారు ఏ గ్రామానికీ కాకపోయినా చివరిదాకా జమీందారుగారనే పిలిపించుకున్నారు. నాన్నగారి నాటికి మిగిలింది ఒక టేకు కుర్చీ. అందులో మా వంశం వాళ్లు తప్ప ఎవరూ కూర్చోలేదు (కలెక్టరుగారొస్తే బెంచీ వేశారట). అలాంటి ఇంటి వెన్నెముకతో, డెబ్బైల చివర్లో, ఢిల్లీలో ఒక ప్రయోగశాలలో తాత్కాలిక సహాయకుడిగా చేరాను. ఆ రోజుల్లో ఉద్యోగం ఖాయమైతేనే క్వార్టర్ ఇచ్చేవారు. నేనుండే బర్సాతీలో, అంటే మేడ మీది ఒంటిగదిలో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. "ఇల్లు ఖాళీ చేస్తున్నాం. వేసవిలోగా నీకు చోటు దొరికితే కుర్చీ పంపుతా, లేకపోతే అమ్మేస్తా" అని అన్నయ్య ఉత్తరం రాశాడు.

మా పని జనపనార నేతగుడ్డను పొరలుగా పరిచి, రెజిన్ అనే జిగురు పట్టించి, అచ్చులో నొక్కి, చెక్కకు బదులు పలకలు చేయడం. మంత్రిత్వ శాఖ నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారని, ఆ పలకలతో కుర్చీ చేసి చూపించాలన్నారు. అది కుదిరితే నా ఉద్యోగమూ ఖాయమన్నారు. గుడ్డ ఉతికించి ఆరబెట్టే బాధ్యత నాది. నలిగిన గోనెను పెద్దమనుషుల ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మా ఇంట్లో గంజి పెట్టని గుడ్డ వీధిగుమ్మం దాటేది కాదు. ధోబీకిచ్చి చిక్కటి గంజి పెట్టించి, ఇస్త్రీ కూడా చేయించాను.

అచ్చు దగ్గర పనిచేసే చాచా గుడ్డను తడిమి, "భయ్యా, కపడా బహుత్ కడక్ హై" అన్నాడు, గుడ్డ మరీ బిరుసుగా ఉందని.

"శుభ్రమైన గుడ్డ అలాగే ఉంటుంది చాచా" అన్నాను, నాకొచ్చిన హిందీలో.

కుర్చీ నిగనిగలాడింది. ఆఫీసరుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పహలే ఆప్", ముందు మీరే కూర్చోండి, అని మా ప్రయోగశాల పెద్ద అయిన సాబ్‌తో అన్నారు. సాబ్ నావైపు చూశారు. నేను తాతగారిలా నిటారుగా కూర్చున్నాను. చిటపటమంది. ఆ మీదట పొరలన్నీ పూతరేకుల్లా విడిపోయాయి. నేను నేలమీదున్నాను (నిటారుగానే).

సాబ్ ఒక పొర తీసి గోటితో గీకారు. తెల్లటి పొడి రాలింది. "యే క్యా హై?"

"గంజి సార్."

"చావల్ కా మాండ్, సాబ్" అని చాచా వివరించాడు.

మా వంశం కథ ఎప్పుడో విన్న సాబ్, ఆ పొరను నా చేతిలో పెట్టారు. "జమీందార్ సాబ్, రెజిన్ గుడ్డకు పట్టాలి. మీరు అన్నానికి పట్టించారు."

ఆఫీసరుగారు మాత్రం శ్రద్ధగా ఫైలులో రాసుకున్నారు: కుర్చీల తయారీలో బియ్యం వినియోగంపై సంజాయిషీ కోరవలెను. ఆ సంజాయిషీ మూడు టేబుళ్లు దాటి వచ్చేసరికి నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది.

ఇప్పుడు మయూర్ విహార్‌లో మా ఫ్లాటులో ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పాలవాడి నుంచి పక్కింటి అంకుల్ దాకా అందరూ కూర్చుంటారు. వాళ్లలో ఎవరైనా కాస్త వెనక్కి వాలితే, నేలమీద కూడా నడుం వంచని ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. టేకు కుర్చీని అన్నయ్య ఆ వేసవిలోనే కాకినాడలో ఒక సెలూన్ వాళ్లకు అమ్మేశాడు.