పాచికల్లో ఏడో నంబర్

2010 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయంలో సామాను ఎక్కించే లోడర్లకు నన్ను షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా వేశారు. నా కింద పదకొండు మంది. చిన్న విమానాల్లో పెట్టెలను అడుగున ఉండే హోల్డ్ అనే అరలో పేర్చాలి. అందులో నిలబడే ఎత్తు ఉండదు. ఎండాకాలం మోకాళ్ల మీద ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే షిఫ్ట్ మొదట్లో లూడో పాచికలు రెండు వేసి, మొత్తం ఎంత వస్తే ఆ నంబర్ మనిషిని ఆ రోజు హోల్డ్‌కు పంపేవాళ్లం. రెండు పాచికల మొత్తం ఒకటి కాదు కనుక నంబర్లు రెండు నుంచి పన్నెండు. పదకొండు మందికి సరిగ్గా పదకొండు నంబర్లు! అందరూ మురిసిపోయారు, నేనూ మురిశాను.

ఏడుకొండలవాడి నంబరని బుద్వేల్ యాదయ్య పట్టుబట్టి ఏడు తీసుకున్నాడు. నెల తిరిగేసరికి ఆరుసార్లు హోల్డ్‌లోకి దూరాడు. కాకినాడ నుంచి వచ్చిన సుబ్బారావుది పన్నెండు. ఒక్కసారీ దూరలేదు.

"ఏడు తీసుకుంటే ఏడుపే కదండీ" అని నవ్వాడు సుబ్బారావు.

యాదయ్య నా బల్ల మీద రాజీనామా పెట్టాడు. "నా నసీబే గిట్లుంది సార్. ఇంట్ల దిష్టి గూడ తీసిండ్రు. ఇగ నాతోని కాదు, పోత."

రెండు రోజులు ఆగమన్నాను. బడిలో పదో తరగతితో ఆగిన చదువును నేను గ్రంథాలయంలో సాగించాను. అక్కడ సంభావ్యత మీద చదివిన పాఠం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. ఎర్ర పాచిక, తెల్ల పాచిక ఎదురుగా పెట్టి, పడగల జోడీలన్నీ బోర్డు మీద రాశాను. ముప్పై ఆరు వచ్చాయి. ఒకటి-ఆరు, ఆరు-ఒకటి, రెండు-అయిదు, అయిదు-రెండు, మూడు-నాలుగు, నాలుగు-మూడు, ఇలా ఏడు అనే మొత్తం ఆరు రకాలుగా పడుతుంది. పన్నెండు మాత్రం ఆరు-ఆరు పడితేనే.

"అంటే గీ పుణ్యాత్మునికి ఒకటైతే నాకు ఆరా?" అన్నాడు యాదయ్య.

కొత్త పట్టీ రాశాను. మొత్తాలతో పని లేదు. మనిషికి మూడు జోడీలు, పదకొండు మందికి ముప్పై మూడు. మిగిలిన మూడింటిలో ఏది పడినా మళ్లీ వేయాలి. పాత పద్ధతే బాగుందండీ అన్నవాడు సుబ్బారావు ఒక్కడే.

"అయితే నంబర్లు మార్చుకుందాం దా అన్నా" అన్నాడు యాదయ్య. సుబ్బారావు పట్టీలో తన మూడు జోడీలు వెతుక్కున్నాడు.

మొదటి రోజే ఎర్ర నాలుగు, తెల్ల ఒకటి పడ్డాయి. పట్టీలో ఆ జోడీ యాదయ్యదే. అందరూ అతని వైపు చూశారు. అతను మాత్రం పగలబడి నవ్వాడు. "గిది నసీబు సార్. గిప్పటిదాంక పడ్డది లెక్క" అంటూ రాజీనామా కాగితం వెనక్కి తీసుకుని హోల్డ్‌కు బయలుదేరాడు. నేను రిటైరయ్యేదాకా ఆ పట్టీయే నడిచింది.

ఒకే మనిషికి పదేపదే కష్టం పడుతుంటే, అతని జాతకం కంటే ముందు పని పంచిన పద్ధతిని చూడాలి. సరైన పద్ధతి కూడా ఏ ఒక్క రోజుకూ హామీ ఇవ్వదు. అందరికీ ఒకే అవకాశం ఇస్తుంది, అంతే.