ఓడిపోయే చెయ్యి

ఓట్ల మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎంత చిన్న విషయమైనా సరే, చేతులెత్తించి లెక్కపెట్టనిదే ముందుకు కదలనిచ్చేవారు కాదు. ఇందులో ఇంకో చిత్రం కూడా ఉంది. ఆయన చెయ్యెత్తిన పక్షం, ఆయనకి బుద్ధెరిగిన దగ్గర్నుంచి, ఒక్కసారైనా నెగ్గిన పాపాన పోలేదు.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ వార్డులో ఓటింగులు ఉండవు. సూది వేయించుకుంటారా అని అడిగితే భూమ్మీద ఏ రోగి చెయ్యెత్తుతాడు? అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు దొరికాడు. ఆవిడ మొదట కోప్పడింది, తర్వాత నవ్వుకుంది, చివరికి అంతుచిక్కని జ్వరాన్ని గమనించినట్టు ఆయన్ని గమనించడం మొదలుపెట్టింది. తెలివితక్కువవాడు కాదు. కాలేజీలో ఇంగ్లీషు ప్రొఫెసరు. మరి ప్రతిసారీ ఏరికోరి ఓడిపోయే వైపే ఎందుకు చేరతాడు?

ఒకసారి క్లాసులో ఏదో విషాద నాటకం చెబుతూ, చివరి అంకం ముందు పుస్తకం మూసేశారట.

"రాజు చావాలా, బతకాలా? చేతులెత్తండి!"

క్లాసంతా బతకాలంది. చావాలన్నది మాస్టారొక్కరే.

"సరే, మెజారిటీ మాట శిరోధార్యం" అని ఆయన చివరి అంకం చెప్పడం మానేశారు. తీరా అర్ధసంవత్సర పరీక్షలో రాజు మరణం మీదే ప్రశ్న వచ్చింది. పిల్లలు లబోదిబోమంటూ వచ్చి పడ్డారు.

"బతికించింది మీరేగా! ఇప్పుడు నన్నంటే ఎలా?" అని ఆయన మళ్ళీ ఓటింగు పెట్టారు. ఈసారి అందరూ ఏకకంఠంతో చావాలన్నారు. మాస్టారు మాత్రం, పాపం బతకనివ్వండి అన్నారు. మళ్ళీ ఓడిపోయారు.

పార్టీలోనూ అదే వరస. ఎర్రజెండా పట్టిన నాటినుంచి ఆయన పార్టీ మారలేదు, అలవాటూ మారలేదు. ఉపన్యాసాలు పది నిమిషాలకి మించకూడదని ఒక తీర్మానం పెట్టి, దాని మీద ఏకబిగిన గంటన్నర మాట్లాడారు. అప్పటికి మెలకువగా ఉన్నవాళ్ళంతా కలిసి దాన్ని ఓడించారు.

అలాంటి మనిషి కౌన్సిలరెలా అయ్యారని మీకు అనుమానం రావచ్చు. ఆయన మీద పోటీకి దిగిన మిల్లు యజమాని, మాస్టారి ఎన్నికల ఉపన్యాసం ఒకటి మొదట్నుంచి చివరిదాకా విని, మర్నాడే నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. ఏకగ్రీవం! మాస్టారు ముఖం వేలాడేసుకుని మిల్లుకి పరిగెత్తారు.

"దయచేసి పోటీ చెయ్యండి సార్! ఓటింగు లేని గెలుపు ఉప్పులేని కూర."

"పోటీ చేస్తే ఇంకో ఉపన్యాసం వినాలి కదా మాస్టారూ. నావల్ల కాదు" అని మిల్లు యజమాని దండం పెట్టేశాడు.

కౌన్సిల్లో చేసిన నిర్వాకం ఇంకా గొప్పది. కార్మికుల వీధికి కుళాయిలు వెయ్యాలన్న తీర్మానం వస్తే, ఆయన లేచి దానికి వ్యతిరేకంగా మాట్లాడారు. పార్టీవాళ్ళు తలలు బాదుకున్నారు. హెడ్ నర్సు మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కుళాయిలు మాత్రం వచ్చాయి.

ఎంత చేసినా ఈ పిచ్చి ఇంటి గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఇంట్లో ఉన్నది ఇద్దరు; ఎటు చెయ్యెత్తినా సరిసమానం. మాస్టారి అక్కగారు వచ్చిన రోజున అది కాస్తా లోపలికొచ్చింది.

అక్కగారు భర్త పోయిన కొన్నాళ్ళకి తమ్ముడింటికి వచ్చింది. అత్తింట్లో ఆవిడ ఎప్పుడు లేవాలో, ఏ గదిలో కూర్చోవాలో మొదట మొగుడు చెప్పేవాడు. ఆయన పోయాక ఆ పెత్తనం మరిది పుచ్చుకున్నాడు. ఏమడిగినా ఆవిడ నోట వచ్చేది ఒకటే మాట: "మీ ఇష్టం."

వచ్చిన రోజు గది ఉక్కపోసి చచ్చేలా ఉంది. "కిటికీ తెరుద్దామా వదినగారూ?" అంది హెడ్ నర్సు.

"మీ ఇష్టం."

వెంటనే మాస్టారు లేచి నిలబడ్డారు. "ఓటింగు పెడదాం! కిటికీ మూసే ఉంచాలన్నది నా వాదన. చల్లగాలి జనాన్ని జోకొట్టడానికి పెట్టుబడిదారులు పన్నిన కుట్ర!"

హెడ్ నర్సు తెరవాలని చెయ్యెత్తింది.

"నువ్వేమంటావక్కా?"

"మీ ఇష్టంరా."

"మీ ఇష్టానికి ఓటు లేదు. ఒకటికి ఒకటి. సమానమైతే ఉన్నది ఉన్నట్టే. కిటికీ మూసే ఉంటుంది."

ఉంది. ముగ్గురికీ చెమటలు కారిపోతున్నాయి. మాస్టారు ఇంగ్లీషులో కూడా వాదించడానికి గొంతు సవరించుకున్నారు. అప్పుడు అక్కగారి ఒళ్ళో ఒక చూపుడువేలు కాస్త పైకి లేచింది.

"వేలు చెల్లుతుంది!" అని కేకేసి, మాస్టారే పరుగున వెళ్ళి కిటికీ తెరిచారు.

ఇక రోజుకో ఓటింగు. క్యాలెండరు గోడకి కాదు, పడుకుని చూసుకోవడానికి వీలుగా పైకప్పుకి తగిలించాలనేవారు. చెప్పులు బీరువాలోనూ బట్టలు గుమ్మం బయటా పెట్టాలనేవారు. అలాంటి వాదనలు వింటే రాయికైనా చెయ్యి మొలుస్తుంది. అక్కగారి వేలు అరచెయ్యి అయింది, అరచెయ్యి మోచేతి దాకా లేచింది. ఒకరోజు ఏకంగా, "ఒరేయ్, నీకు మతిగాని పోయిందా?" అనేసి, నోరు మూసుకుని అటూ ఇటూ చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. ఆ నవ్వు వినడం హెడ్ నర్సుకి అదే మొదటిసారి.

అలా ఉండగా ఒక ఆదివారం మరిది దిగబడ్డాడు. పెద్ద కాంట్రాక్టరు. గోడలే కాదు, మనుషులు కూడా తను నిలబెట్టిన చోట నిలబడాలనుకునే రకం.

"మా ఆవిడ కాలు విరిగింది బావగారూ. ఇంట్లో చాకిరీకి మనిషి లేదు. వదినని తీసుకుపోదామని వచ్చాను" అన్నాడు, పక్కనే ఉన్న వదినకేసి చూడకుండా. "సాయంత్రం బండికి టిక్కెట్లు కూడా తీశాను."

అక్కగారు తల వంచుకుంది. హెడ్ నర్సుకి ప్రమాదం అర్థమైంది. ఒక్కసారి వెళ్ళిందంటే ఈవిడ మళ్ళీ "మీ ఇష్టం"లో పడి మునిగిపోతుంది. ఏమండీ, ఏదో ఒకటి అనండి అన్నట్టు మొగుడి వైపు చూసింది.

మాస్టారు లేచారు. "ఓటింగు పెడదాం."

"ఆడవాళ్ళ ప్రయాణాలకి ఓటింగేంటి బావగారూ?" అన్నాడు మరిది.

"నేను మీ పక్షమే లెండి" అని మాస్టారు మొదలుపెట్టారు. అక్క వెళ్ళి తీరాలన్నారు. ఇష్టాయిష్టాలు అక్కర్లేని చోటే మనిషికి మనశ్శాంతి అన్నారు. బీరువాని చూడండి, ఎక్కడ పెడితే అక్కడుంటుంది, ఎంత సుఖం అన్నారు. మరిది తల పంకించాడు. హెడ్ నర్సుకి ఒళ్ళు మండిపోయింది. సొంత తమ్ముడే ఇలా అంటాడా!

"అయితే పెట్టండి ఓటింగు" అన్నాడు మరిది ధీమాగా. తను, బావగారు, రెండు ఓట్లు. వదిన తన ముందు చెయ్యి కాదు కదా, తలే ఎత్తి ఎరగదు.

"వెళ్ళాలనేవారు?" మరిది చెయ్యి లేచింది. మాస్టారి చెయ్యీ లేచింది.

"వద్దనేవారు?" హెడ్ నర్సు చెయ్యి లేచింది. అక్కగారి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"తమ్ముడూ..." అంది ఆవిడ. "ఓటు ఎవరికి ఉంటుందిరా?"

"ఈ ఇంట్లో ఉండేవాళ్ళకి."

"మరి మరిదిగారు ఈ ఇంట్లో ఉంటారా?"

"ఉండరు."

"అయితే ఆ చెయ్యి దించమను" అంది అక్కగారు. ఆ తర్వాత వేలు కాదు, అరచెయ్యి కాదు, నిండు చెయ్యి నెత్తి మీదుగా ఎత్తింది. "నేను ఇక్కడే ఉంటాను. మీ ఆవిడకి కాలు నయమయ్యేదాకా ఒక మనిషిని పెట్టుకోండి, మరిదిగారూ."

"రెండుకి ఒకటి. తీర్మానం వీగిపోయింది" అన్నారు మాస్టారు విచారంగా. "ఏం చేస్తాం బావగారూ, మళ్ళీ ఓడిపోయాం."

మరిది గొణుక్కుంటూ వీధిలోకి నడవగానే హెడ్ నర్సు మొగుడి మీద విరుచుకుపడింది.

"ఆవిడ చెయ్యెత్తకపోతే ఏం చేసేవారు?"

"ఎత్తుతుంది. నేను ఉండమంటే నా మాట మీద ఉండిపోయేది, తన ఇష్టంతో కాదు. మాట వినడం అక్కకి కొత్తేం కాదు కదా."

"అందుకని ఆయన పక్షాన చేరతారా?"

"నేను చెయ్యెత్తిన పక్షం ఎప్పుడైనా నెగ్గిందటే?" అన్నారు మాస్టారు అమాయకంగా. "కార్మికుల వీధికి కుళాయిలు ఎలా వచ్చాయనుకున్నావ్?"

హెడ్ నర్సుకి చచ్చిన రాజూ, ఉక్కపోసిన కిటికీ, పైకప్పు మీది క్యాలెండరూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళకి జబ్బేమిటో తెలిసింది. దానికి మందు వేయకూడదని కూడా తెలిసింది.

అంతలో అక్కగారు గట్టిగా చప్పట్లు చరిచింది. "ఒక తీర్మానం. ఈ ఇంట్లో ఇకమీదట ఎవరి ఉపన్యాసమూ ఐదు నిమిషాలకి మించకూడదు. చేతులెత్తండి!"

ఆవిడ చెయ్యి లేచింది. హెడ్ నర్సువి రెండు చేతులూ లేచాయి. మాస్టారు కాస్త ఆలోచించి, ఎన్నడూ లేనిది, తన చెయ్యి కూడా వాళ్ళతో కలిపారు.

నెగ్గింది! జన్మలో మొదటిసారి ఆయన పక్షం నెగ్గింది. ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషం పట్టలేక, ఈ చారిత్రక విజయం గురించి రెండు ముక్కలు మాట్లాడతానని లేచి నిలబడ్డారు. దీపాలు పెట్టే వేళకి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.