దయ్యం చిన్ననాటి కథకు నా తీర్పు

ఆ పాత దయ్యం సినిమాలో మీరేం చూశారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి! తలుపు సందులోంచి బయటికొచ్చే ఒక్క చెయ్యి. అంతే కదా? ముఖం చూపించనేలేదు. మిగతా దయ్యాన్ని మనమే తయారుచేసుకున్నాం. పగలంతా రాళ్లు కొట్టి, సాయంత్రం డేరా టాకీసులో నేలమీద కూచుని ఎన్నిసార్లు చూశానో! ఒక్కసారీ జడుసుకోలేదు. మా తొండుపల్లి చాయ్ హోటల్లో నా పరువంతా దాని మీదే నిలబడింది. నిన్నటి దాకా!

ఇప్పుడు దానికి ముందు కథ అంటూ కొత్తది తీశారు. "ప్రీక్వెల్ అన్నా! మస్తు భయమైతదట," అన్నాడు మల్లేశ్, రోజూ నాతో చాయ్ తాగేవాడు.

నాకు మండింది. "దయ్యానికి చిన్నతనమెందుకురా? నేనే చూసి తీర్పు చెప్త. జడుసుకుంటే ఇగ పాత సినిమా పేరే ఎత్తను!"

శంషాబాద్‌లో మల్టీప్లెక్స్. కుడివైపు నా భార్య యాదమ్మ, ఎడమవైపు సాక్షిగా మల్లేశ్. మొదటి సగం నవ్వొచ్చింది. దయ్యం బడికి పోతుంది! రెండు జడలు, టిఫిన్ బాక్సు!

తర్వాత ఆ పిల్లను గదిలో పెట్టి బయట గడియ వేశారు. తలుపు సందులోంచి చిన్న చెయ్యి వచ్చింది. చీకట్లో చేతికందిన చెయ్యి గట్టిగా పట్టేశాను. అప్పుడే మోత మొదలైంది. సీట్లు అదురుతున్నాయి.

మాది రన్‌వే పక్క ఊరు. నెత్తి మీద విమానం పోతుంటే మేం మాట ఆపం, గొంతు పెంచుతాం. ఇంట్లోనైనా, పెళ్లిలోనైనా అంతే. ఆ అలవాటు కొద్దీ, పక్కవాడికి కూడా వినబడదన్న ధీమాతో, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"యాదమ్మా! చెయ్యి గట్టిగ పట్టుకోవే! నాకు భయమైతుంది!"

సగం మాటలో మోత టక్కున ఆగిపోయింది. విమానమైతే మెల్లగా దూరమయ్యేది, ఇది సినిమా మోత! హాలంతా నిశ్శబ్దం. నా భయమొక్కటే మోగింది.

"నా చేతిల పాప్‌కార్న్ ఉన్నదయ్యా. నువ్వు ఎవరి చెయ్యి పట్టుకున్నవ్?" అంది యాదమ్మ.

ఎడమవైపు నుంచి మల్లేశ్ మూలిగాడు. "నాదే అక్కా. అన్నా, జర ఇడువు, గోర్లు దిగుతున్నయ్!"

తెర మీదికి దయ్యం వచ్చింది. ఒక్కరూ చూడలేదు. అందరూ నావైపు తిరిగి నవ్వుతున్నారు.

పొద్దున్నుంచి హోటల్లో అందరూ తీర్పు కోసం కూచున్నారు. బాగుందంటే జడుసుకున్నట్టే, పాత సినిమా పేరెత్తే హక్కు పోతుంది. చెత్త అందామంటే, మల్లేశ్ చొక్కా చెయ్యి మడిచి గోటి గాట్లు చూపిస్తున్నాడు. చాయ్ చల్లారిపోతోంది. మీరే చెప్పండి, ఇగ నేనేమనాలె?