మా చిన్నమ్మ, వడ్డేపల్లి చెరువు పిట్టలు

మా చిన్నమ్మ ఇక లేదన్న కబురు డోర్నకల్ స్టేషన్ ఫోనుకు వచ్చింది. రైల్వేలో పనిచేసే మా ఆయన డ్యూటీ మధ్యలో క్వార్టరుకు వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "మీ చిన్నమ్మ..." అన్నాడు. మిగతాది ఆయన ముఖమే చెప్పింది. రైల్లో కిటికీ పక్కన కూర్చొని కాజీపేట దాకా ఏడుస్తూనే ఉన్నాను. కార్తీకమాసం, దారి పొడుగునా కుంటల్లో నీళ్లున్నాయి. అంత ఏడుపులోనూ ఏ కుంటలో ఏ పిట్ట వాలిందోనని నా కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. ఆ పాడు అలవాటు ఆమె చేసిందే.

చిన్నమ్మ అంటే మా నాన్న తమ్ముడి భార్య. హనుమకొండలో బట్టల దుకాణం మీద బతికే ఉమ్మడి కుటుంబం మాది. పెత్తనమంతా పెదనాయనది. ఆమె పుట్టిల్లు మరిపెడ దగ్గర పల్లె. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆమె ముద్దులూ తిట్లూ అన్నీ నాకే దక్కాయి.

చిన్నాయన పొద్దున్నే, దుకాణం తెరవకముందే, ఆమెను స్కూటర్ మీద వడ్డేపల్లి చెరువుకు తీసుకుపోయేవాడు. సెలవుల్లో నన్ను కూడా. కాజీపేటలో రిటైరైన గార్డు ఒకాయన దగ్గర పాత దుర్భిణి కొనిచ్చాడు. "పెండ్లానికి సినిమా జూపియ్యాలె గాని పిట్టలను జూపిస్తడా వీడు?" అని నాయనమ్మ నవ్వేది. అక్కడ చూపించేది ఆమె, నోరు తెరుచుకొని చూసేది చిన్నాయన అని నాయనమ్మకు తెలియదు.

"చెరువు కట్టింది మనుషులే బిడ్డా. మట్టి మోసిన్రు, కట్ట పోసిన్రు. గని ఈడ నీళ్లున్నయని గా పిట్టలకు ఎవ్వలు జెప్పిన్రో!" అని చిన్నమ్మ ప్రతి చలికాలం ఆశ్చర్యపోయేది. దీపావళి దాటితే ఉత్తరాది నుంచి బాతులు దిగేవి. వాటి కోసం ఆమె ఏడాదంతా ఎదురుచూసేది. వానాకాలంలో తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్టను చూపించి, "కొత్తకోడలు అత్తగారింట్ల నడిచినట్టు నడుస్తాంది సూడు. ఆకు మునుగొద్దు, సప్పుడు గావొద్దు" అనేది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక తీతువు అరిస్తే ఇంట్లో అందరూ కీడని గుండెలు పట్టుకునేవారు. "కీడు లేదు, పాడు లేదు. దాని గుడ్ల కాడికి ఎవ్వలో పోయిన్రు. తల్లి మొత్తుకుంటాంది, గంతే" అనేది. ఆ మాట అంటూ నన్ను దగ్గరికి లాక్కునేది.

చిన్నాయన గుండెనొప్పితో దుకాణంలోనే కూలిపోయాడు. అరల నిండా రంగురంగుల చీరలున్న ఆ దుకాణం నుంచే ఆమెకు తెల్లచీరలు వచ్చాయి. ఏడాది గడిచాక నేనే పోరుపెట్టి రిక్షాలో చెరువుకు తీసుకుపోయాను. మేము కట్ట దిగామో లేదో, బాతులన్నీ లేచిపోయాయి. ఇంకో వైపు పోయి కూర్చున్నాం. అక్కడా లేచిపోయాయి. అంతకుముందు ఆమె చెరువుకు ఎప్పుడూ మట్టిరంగు చీరే కట్టుకునేది. తన కొంగును చేతిలోకి తీసుకొని చూసుకుంది. "నన్ను జూసి గాదు బిడ్డా, చీరను జూసి బెదురుతానయ్" అంది.

మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడకూడదు. తలుపు చాటు నుంచి పెదనాయనకు నాతో చెప్పించింది. "చెరువుకు పోయిననాడు ఒక్కటే మట్టిరంగు చీర కట్టుకుంటదట అని అడుగు బిడ్డా."

పెదనాయన చెడ్డవాడు కాదు. ఆమెకు తిండికీ మందులకూ ఏ లోటూ రానివ్వలేదు. కాకపోతే నలుగురంటే ప్రాణభయం. "కొంగ తెల్లగుండదా? దానికి బెదరని బాతులు చీరకు బెదురుతయా? బజార్ల మన ఇజ్జత్ ఏంగావాలె? జెప్పు మీ చిన్నమ్మకు" అన్నాడు. చెప్పనక్కరలేదు, తలుపు చాటున ఆమె వింటూనే ఉంది. నేను వాదించబోతే "నోర్ముయ్" అన్నాడు.

ఆమె మళ్లీ చెరువుకు పోలేదు. నేను ఎంత పిలిచినా, "నేను బోతే వాటికి పరేషాన్. గంత దూరం ఎగిరొచ్చినయ్, జర కూసోనియ్" అనేది. సాయంత్రాలు డాబా మీద నిలబడి, పైనుంచి పోయే గుంపులను కనుమరుగయ్యేదాకా చూసేది. పెళ్లయ్యాక నేను డోర్నకల్ నుంచి ఎప్పుడొచ్చినా, మంచినీళ్లు ఇవ్వకముందే అడిగేది: "చెరువు దిక్కు బోయినవా? బాతులొచ్చినయా?" ఎంత అన్యాయం! పక్కనే ఉన్న చెరువు సంగతి అంత దూరం నుంచి వచ్చిన నన్ను అడగాల్సి వచ్చింది.

పెద్దకర్మ ఆ చెరువుకట్ట మీదే జరిగింది. పిట్టకు పెట్టడం మా ఆచారం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే వాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కొడుకు స్థానంలో మా తమ్ముడు విస్తరి పెట్టాడు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి గాని, ఒక్కటీ దిగలేదు.

"ఆమె పేరు మీద అన్నదానం జేస్తం, ముట్టు" అని పెదనాయన కాకులకు మొక్కాడు. కాకి రాలేదు. ఎండ ఎక్కింది. "ఏం కోరికుండెనో, ఎవ్వలకన్న ఎరుకేనా?" అని ఆయన అందరినీ అడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకెరుక లేదా పెదనాయనా? రంగుచీర కట్టుకొని ఈ చెరువుకు రావాలని ఉండె. గదొక్కటే!" అన్నాను. చుట్టాలంతా బిక్కచచ్చిపోయారు.

ఆయన నా వైపు చూడలేదు. మెల్లగా కట్ట దిగి నీళ్ల అంచు దాకా పోయాడు. తెల్లధోవతి, తెల్లలాల్చీ, భుజాన తెల్లకండువా. ఒడ్డుకు దగ్గరగా ఈదుతున్న బాతులు మెడలెత్తాయి. మరుక్షణం గుంపంతా ఒక్కసారిగా లేచింది.

"గిట్లనేనా బిడ్డా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"గిట్లనే, పెదనాయనా."

అన్నేళ్లలో ఒక్కసారి కూడా నేరుగా పలకరించని తమ్ముడి భార్యతో అప్పుడు మాట్లాడాడు. "పో తల్లీ. నీకు నచ్చిన రంగు కట్టుకొని పో."

కాకి ముట్టిందో లేదో నేను చూడలేదు. బాతులు చెరువు పైన తిరుగుతూనే ఉన్నాయి. ఆయన అక్కడ నిలబడ్డంతసేపు ఒక్కటీ నీళ్ల మీద వాలలేదు.