నేను పరిగెత్తించిన అమ్మాయి

కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయినిని. నెలసరి నొప్పికి పరుగే మందని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. నాకు నొప్పొచ్చినా పళ్ల బిగువున పరిగెత్తేదాన్ని. అందుకేనేమో, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ప్రతి నెలా కడుపు పట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండేది.

"ఎగ్గొట్టడానికే ఈ వేషాలు. లే, రెండు రౌండ్లు కొట్టు," అన్నాను ఒకరోజు, అందరి ముందూ.

"ఆయ్ మేడమ్," అని లేచింది. రెండో రౌండు సగంలో కూలబడి వాంతి చేసుకుంది. ఆ వారమంతా బడికి రాలేదు. నేను కబురైనా కనుక్కోలేదు.

ఆ వేసవిలో నొప్పితో నేనే లేవలేకపోతే మావారు అమలాపురం తీసుకెళ్లారు. పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ ఎండోమెట్రియోసిస్ అన్నారు. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట కూడా పెరుగుతుందట. ఈస్ట్రోజన్ అనే హార్మోను దాన్ని పెంచుతుందట.

"రోజూ పరిగెడతానండీ. వ్యాయామం చేస్తే హార్మోన్లు సర్దుకుంటాయి కదండీ?"

"కొంత మేలేనమ్మా. నడిస్తే కొందరికి నొప్పి తగ్గుద్ది, నిద్ర పడుద్ది. కానీ జబ్బు దాంతో పోదు. అంత నొప్పిలో మిమ్మల్ని ఎవరు పరిగెట్టమన్నారండీ?"



మర్నాడే అంబాజీపేట పక్కన ఆ అమ్మాయి ఊరికి వెళ్లాను. వాళ్లమ్మ పెరట్లో ఎండు కొబ్బరి చిప్పలు తిరగేస్తోంది. భర్త కువైట్‌లో ఉన్నాడట.

"పెళ్లయితే అదే సర్దుకుంటుందన్నారండీ అందరూ," అందామె.

"నేనూ వేషాలనుకున్నానమ్మా. తప్పు నాదే. నాకూ అలాంటి నొప్పే. ఒకసారి డాక్టరు గారికి చూపిద్దాం."

తలుపు పక్కన నిలబడి వింటున్న పిల్ల మెల్లగా అడిగింది: "మరి మీరు పరిగెట్టేవారు కదండీ మేడమ్?"

"పరిగెట్టి, ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని."

ఆ పిల్లదీ అదే జబ్బు కావచ్చన్నారు డాక్టరమ్మ. మందులతో నొప్పి సగానికి తగ్గింది. బాగున్న రోజుల్లో ఇద్దరం కాలవగట్టున నడిచేవాళ్లం. ఆ పిల్ల ఎక్కువగా మాట్లాడేది కాదు. నాకు మాత్రం ఆపరేషన్ తప్పలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కనిపిస్తే నమస్కారం పెడుతుంది. అందరి ముందూ నేనన్న ఆనాటి మాట మరిచిపోయిందా అని అడిగే ధైర్యం నాకింకా రాలేదు.